దేశాంతర రంగస్థలములపై మృచ్ఛకటికము

(సి.బెళగల్ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున గ్రంథములను గూర్చి ముచ్చటించుకొనుట ఉచితము. అయితే గ్రంథములలో ఒక జాతి కలదు. అది బీరువాలో నున్నంతకాలము సగమే జీవించును. అదియే నాటకము. కావ్యమును ఒంటరిగా చదువుకొని ఆనందింపవచ్చును. శాస్త్రమును గురుముఖమున నేర్వవచ్చును. నాటకము మాత్రము నలుగురు కూడి ఆడినగాని, నాలుగువందలమంది కూర్చుండి చూచినగాని పూర్తి కాదు. అట్టి నాటకమొకటి పుట్టిన దేశమున చిరకాలము పండితుల పఠనగ్రంథముగా నుండగా, సముద్రములు దాటి 1850 మొదలుకొని పరదేశముల రంగస్థలములపై పలుమారులు ప్రదర్శింపబడినది. అది శూద్రకుని మృచ్ఛకటికము. ఆ నాటకము యాత్ర యెట్లు సాగెను, పరదేశీయులు దానియందు ఏమి చూచిరి, అందుండి పల్లెవారు గ్రహింపదగిన దేమి యనునదియే ఈ ఉపన్యాసమునకు విషయము.

చూచువారి గుండె దడదడలాడునట్లు, తరువాత నేమగునో యని కుర్చీ చివరకు జరిగి కూర్చుండునట్లు చేయు నాటకములను నేటివారు థ్రిల్లర్ అని పిలుచుచున్నారు. హత్య, దొంగతనము, అపవాదు, విచారణ, చివరిక్షణపు రక్షణ వాని సామగ్రి. ఇంగ్లండు దేశమున అగథా క్రిస్టీ రచించిన ‘మౌస్‌ట్రాప్’ అను నాటకము 1952 నవంబరులో లండనునగరమున ప్రారంభమై, ఏండ్ల తరబడి విరామము లేక ఆడబడెను. 2020 మార్చిలో మహమ్మారి వలన నాటకశాలలు మూతబడినపుడు ఆగి, 2021 మేలో తిరిగి మొదలయ్యెను. హంతకుడెవ్వడో బయటివారికి చెప్పవలదని ప్రదర్శనాంతమున ప్రేక్షకులను వేడుకొనుట అచటి ఆచారము. ఇట్టి నాటకములు పాశ్చాత్యులకే చెల్లినవనియు, మన ప్రాచీనులకు శృంగారవీరములు తప్ప ఈ విద్య తెలియదనియు పలువురు తలంతురు. పది అంకముల మృచ్ఛకటికము ఆ తలంపునకు సమాధానము.

శూద్రకుని కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ప్రస్తావనలో కవి నూరేండ్ల పదిదినములు జీవించి అగ్నిప్రవేశము చేసెనని చెప్పబడియున్నది. తన మరణమును తానే వ్రాసికొన్నవాడు లోకమున లేడు గనుక, ఆ మాటలు తరువాతివారెవరో చేర్చినవని స్పష్టము. భాసునివిగా ప్రకటింపబడిన నాటకములలో ‘చారుదత్తము’ అను నాలుగంకముల రూపకము కలదు. మృచ్ఛకటికపు తొలిభాగము దానితో మిక్కిలి పోలియుండును. ఆ భాసనాటకములను తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912 నుండి ప్రకటించిరి.

ఇది ప్రకరణము. అనగా పురాణకథ గాక కల్పితకథ. నాయకుడు రాజు గాక పౌరుడు. ఉజ్జయినిలో చారుదత్తుడను బ్రాహ్మణవర్తకుడు దానధర్మములచే సర్వస్వము పోగొట్టుకొని పేదయైనాడు. వసంతసేన యను గణిక అతని గుణములను ప్రేమించినది. రాజు పాలకుని బావమరదియైన శకారుడు ఆమెను వెంటాడుచుండును. ఒకరాత్రి ఆమె వానిబారి నుండి తప్పించుకొని చారుదత్తుని యింట తన నగల మూటను దాచి పోవును. ఆ మూటను శర్విలకుడను దొంగ గోడకు కన్నము వేసి అపహరించును. కొలతత్రాడు తెచ్చుట మరచిపోయి జందెముతో కన్నమును కొలిచిన విద్యావంతుడాతడు. దాచియుంచిన సొమ్ము పోయినదని చెప్పిన లోకము నమ్మదు; పేదవాని మాటకు విలువ యెక్కడిది? కావున చారుదత్తుని భార్య ధూత తన పుట్టింటి రత్నహారమును ఆ నగలకు బదులుగా పంపును. ఇది మొదటి సగము.

రెండవ సగమున కథ పరుగులెత్తును. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండి చూచి, తనకు దాసి చేసియిచ్చిన మట్టిబండి వలదని యేడ్చును. వసంతసేన మనసు కరగి తన నగలు ఒలిచి ఆ మట్టిబండిలో నింపి, బంగారుబండి చేయించుకొనుమని యిచ్చును. మృత్, శకటిక — మట్టి, బండి. నాటకమునకు పేరు వచ్చిన దీనివలననే. అదే ఉదయమున ఆమె చారుదత్తుడు వేచియున్న పుష్పకరండకోద్యానమునకు పోవలసియుండెను. ఆమెను తీసికొనిపోవలసిన బండివాడు పరుపు మరచి, దానికై వెనుదిరిగెను. ఆ సమయమున శకారుని బండి అటు వచ్చి, ఎదుట పల్లెబండ్లు అడ్డముగా నిలిచియుండుటచే చారుదత్తుని పెరటివాకిట ఆగెను. బండివాడు ఒకరి చక్రము బయటకు తీయుటకు దిగెను. వసంతసేన తనకొరకు వచ్చినదే యనుకొని అందెక్కెను. పత్తిబండ్లు ఆదోని మార్కెట్టుకు బారులు తీరిన దినములు చూచిన పెద్దలకు, ఒక చక్రము దిగబడినచో దారి యెట్లు మూసికొనిపోవునో, ఎవరి బండి యెవరి వాకిట నాగునో వివరింప నవసరము లేదు. ఇట్టి చిన్న సంఘటనపై ఒక స్త్రీ ప్రాణమును, ఒక పురుషుని మానమును, ఒక రాజు సింహాసనమును నిలిపినవాడు శూద్రకుడు.

ఇటు చారుదత్తుని బండిలోనికి, చెర తప్పించుకొని వచ్చిన ఆర్యకుడను గోపాలకుడు దూరెను. ఇతడు రాజగునని సిద్ధుడు చెప్పినందున పాలకుడు ఇతనిని బంధించియుండెను. దారిలో కావలివారిద్దరు బండి నాపిరి. చందనకుడు లోపల చూచి, శరణన్నవానిని విడువజాలక, లోనున్నది వసంతసేన యని బొంకెను. వీరకుడు అనుమానించి తానును చూచెదనని పోగా, చందనకుడు వానిని కాలదన్నెను. ఈ రెండు విషయములు జ్ఞాపకముంచుకొనదగినవి: మట్టిబండిలోని నగలు, కావలివాని అబద్ధము. రెండును దయతో పుట్టినవి. రెండును తరువాత నిరపరాధి మెడకు ఉరిత్రాళ్లగును.

వసంతసేన శకారుని చేతికి చిక్కినది. వాడు ఆమెను చంపుమని తన విటుని అడిగెను, అతడొల్లడయ్యెను. తన బండివాడైన స్థావరకుని అడిగెను. ఆ దాసుడు, తన దేహము యజమానునిదే గాని నడవడి యజమానునిది కాదని నిరాకరించి దెబ్బలు తినెను. చివరకు శకారుడు తానే ఆమె కంఠము నులిమి, చచ్చినదనుకొని ఎండుటాకులు కప్పి, నేరము చారుదత్తునిపై మోపుటకు న్యాయస్థానమునకు పోయెను. స్థావరకుని మేడపై సంకెలలలో నుంచెను. అంతలో, ఒకప్పుడు వసంతసేన జూదపుటప్పు తీర్చి కాపాడగా భిక్షువైనవాడొకడు అచటికి వచ్చెను. అతడు తడిబట్ట ఆరవేయబోగా ఆకులక్రింద ఒక చేయి కదలెను. ఆమె బ్రతికియున్నది.

తొమ్మిదవ యంకము న్యాయస్థానము. ఇది ఈ నాటకమునకు ప్రాణము. శకారుని వ్యాజ్యము నేడు వినబడదని న్యాయాధికారి మొదట చెప్పెను. బావగారితో చెప్పి ఉద్యోగము తీయించెదనని వాడు బెదరించినంతనే వినుటకు ఒప్పుకొనెను. నగకై వసంతసేనను నులిమి చంపిరని చెప్పుచు శకారుడు, అడుగకయే, తాను కాదని నోరుజారెను. పల్లెలో ఒకప్పటి కరణమువలె, సభలో పలికిన ప్రతిమాటను వ్రాయుట కాయస్థుని పని. అతడు ఆ మాట నేలపై వ్రాసెను. శకారుడు దానిని కాలితో చెరిపివేసి, చూచితినని మాత్రమే చెప్పితినని దిద్దుకొనెను. ఎవ్వరును మాటాడలేదు. వ్రాతగాని యెదుట వ్రాత చెరిగినపుడు న్యాయము సగము చచ్చెను.

తరువాత వచ్చిన సాక్ష్యములన్నియు సత్యములే. చారుదత్తుని బండిలో వసంతసేన ఉద్యానమునకు పోవుచున్నదని తనతో చెప్పిరని వీరకుడు పలికెను, అది నిజము. ఉద్యానమునకు పోయి చూచి, మృగములు చీల్చిన ఒక స్త్రీ శవమున్నదని చెప్పెను. అదియు నిజమే, కాని ఆ స్త్రీ వేరు. నగలు తిరిగి యిచ్చుటకై మైత్రేయుడు తీసికొనిపోవుచు, మిత్రుని కష్టము విని సభకు పరుగెత్తి వచ్చి శకారునితో కలహించెను. ఆ పెనుగులాటలో నగలు అతని చంకనుండి రాలిపడెను. అవి వసంతసేనవని చారుదత్తుడు ఒప్పుకొనెను, అదియు నిజమే. ఒక్క అసత్యము చుట్టును ఇన్ని సత్యములు కూడి నిరపరాధిని చుట్టుముట్టెను. బ్రాహ్మణుని చంపరాదు, దేశమునుండి పంపివేయుడని న్యాయాధికారి చెప్పినను, పాలకుడు ఆ నగలనే మెడలో వ్రేలాడదీసి, డప్పు కొట్టించి, శూలమున వేయుడని ఆజ్ఞాపించెను. మట్టిబండి నిండ పోసిన ప్రేమ మెడకు వ్రేలాడు నేరముగా మారెను.

ఇచట ఒక విషయము గమనింపదగియున్నది. ‘మౌస్‌ట్రాప్’ వంటి నాటకములలో హంతకుడెవ్వడో ప్రేక్షకునికి తెలియదు. తెలిసికొనవలెనను కుతూహలమే ఆ నాటకమును నడపును. తెలిసినపిమ్మట రెండవమారు చూచుటలో కొంత రుచి తగ్గును. శూద్రకుని మార్గము వేరు. నేరము చేసినవాడెవ్వడో, చచ్చినదనుకొన్నది బ్రతికియున్నదో లేదో ప్రేక్షకులందరికి తెలియును. తెలియనిది న్యాయస్థానమునకే. మనకు తెలిసినది తెలియవలసినవానికి తెలియకపోవుట, మనము కూర్చున్నచోటినుండి కేక వేయలేకపోవుట — ఇదియే ఇందలి ఉత్కంఠ. ఎన్నిమారులు చూచినను ఇది తరుగదు. ఏలయన ఇట్టి స్థితి రంగస్థలముపైననే గాక లోకమునను నిత్యము కనబడునదే.

ఇట్టి నాటకము సముద్రము దాటిన విధము వినుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా కలకత్తాకు వచ్చి సంస్కృతము నేర్చిన హొరేస్ హేమన్ విల్సన్ హిందువుల నాటకములను ఆంగ్లీకరించుచు మృచ్ఛకటికమును 1826లో ప్రకటించెను. అంతకుముందు 1789లో విలియం జోన్సు శాకుంతలమును ఆంగ్లమున వెలువరింపగా ఐరోపా కవులు ముగ్ధులైయుండిరి. శాకుంతలమున వారికి ఋషులు, లేళ్లు, తపోవనము కనబడినవి. విల్సను గ్రంథమున ప్రాచీన భారతదేశపు వీథి కనబడెను: జూదరులు, దొంగలు, బండివాండ్రు, కావలివాండ్రు, లంచపురాజ్యము. పుస్తకముగా ఇది పండితలోకమును చేరెను.

రంగస్థలమును చేరుటకు మరి ఇరువదినాలుగేండ్లు పట్టెను. 1850 మేలో పారిస్ నగరపు ఓదెయోన్ నాటకశాలలో జోసెఫ్ మేరీ, జెరార్ ద నెర్వాల్ అను కవులిరువురు దీనిని ఫ్రెంచి పద్యనాటకముగా మలచి ‘పసివాని బండి’ యను అర్థమిచ్చు పేరుతో ఆడించిరి. అంతకు రెండేండ్ల క్రిందట, 1848లో, ఆ నగరప్రజలే తమ రాజును సింహాసనము విడిపించి పంపియుండిరి. దుష్టరాజు కూలి పసులకాపరి పట్టమెక్కు కథను అట్టి నగరమున ఆడుటకు ఎన్నుకొనుట విశేషము. ఉజ్జయిని యెచటనున్నదో వారికి తెలియనక్కరలేదు. బావమరది మాట చెల్లుబడి యగు దర్బారు ఎట్టిదో వారికి తెలియును.

నలువదియైదేండ్లకు, 1895లో, అదే పారిసున మరల ఆడిరి. ఈమారు ఆడించినవాడు లుఞే పో. అతని తియాత్ర్ ద లూవ్ర్ అను నాటకసమాజము ఆ దినములలో కొత్తపుంతలు త్రొక్కుచుండెను. విక్టర్ బారుకాన్ అను రచయిత ‘కాల్చిన మట్టిబండి’ యని పేరిడి అనువదించెను. ప్రదర్శన పత్రమునకు చిత్రము గీచినవాడు సుప్రసిద్ధ చిత్రకారుడు తులూజ్ లోత్రెక్. అది ఫ్రాన్సు దేశమున రాజ్యాధికారమును ధిక్కరించువారికిని ప్రభుత్వమునకును తీవ్రసంఘర్షణ జరిగిన సమయము. 1894 జూనులో అధ్యక్షుడు కార్నో హత్యకు గురియయ్యెను. ఆగస్టులో ముప్పదిమందిపై పెద్ద విచారణ జరుగగా, కొందరు దొంగలు తప్ప తక్కినవారు నిర్దోషులుగా విడువబడిరి. బారుకాన్ ఆ ధిక్కారవాదుల పక్షమున సానుభూతి గలవాడు. న్యాయస్థానపు టంకము ఆ సంవత్సరమున పారిసువాసులకు ప్రాచీనకథగా మాత్రమే తోచియుండదు.

జర్మనీదేశమున పంతొమ్మిదవ శతాబ్దాంతమున ఎమిల్ పోల్ ‘వసంతసేన’ యను పేర దీనిని మార్చివ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా లియోన్ ఫోయిక్ట్‌వాంగర్ అదే పేరుతో మరియొక రూపమునిచ్చెను. తరువాతికాలమున నవలారచయితగా ప్రఖ్యాతుడై, 1933లో నాజీలు అధికారమునకు వచ్చుటతో దేశభ్రష్టుడైన యూదుడే ఇతడు. అధికారబలము గలవాడు అపవాదు మోపినచో న్యాయాధికారి తడబడుట నాటకమున వ్రాసినవాడు జీవితమున దానినే అనుభవించెను.

అమెరికాకు ఈ నాటకమును చేర్చినది ఆర్థర్ విలియం రైడర్ పండితుడు. ఆయన అనువాదము 1905లో హార్వర్డు ప్రాచ్యగ్రంథమాలలో వెలువడెను. శూద్రకుని పాత్రలు ఒక దేశమునకు గాక లోకమంతటికి చెందిన పౌరులని ఆయన అభిప్రాయము. అంతటి అభిమానియు దోషము చెప్పక మానలేదు: నడిమి అంకములు ప్రధానకథను మరచి తిరుగుచున్నవనియు, ఇందు రెండు నాటకములకు సరిపడు సామగ్రి యున్నదనియు వ్రాసెను. ఆడువారు ఈ మాట మరువరాదు. 1907లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యందు, ఆకాశము క్రింద మెట్లమెట్లుగా కట్టిన గ్రీకు రంగస్థలమున ఆ అనువాదమును ప్రదర్శించిరి.

పల్లె గ్రంథాలయమునకు మిక్కిలి దగ్గరగా తోచు ప్రదర్శన మాత్రము 1924 డిసెంబరులో న్యూయార్కున జరిగినది. ఆ నగరపు గ్రాండ్ స్ట్రీటు ప్రాంతమున పరదేశములనుండి వలసవచ్చిన బీదలు, ముఖ్యముగా యూదులు, ఇరుకుటిండ్లలో కాపురముండిరి. వారి సేవకై యేర్పడిన హెన్రీ స్ట్రీటు సేవాసదనమున పనిచేయుచుండిన ఆలిస్, ఐరీన్ లూయిసోన్ అను అక్కచెల్లెండ్రు 1915లో ‘నైబర్‌హుడ్ ప్లేహౌస్’ నిర్మించిరి. పేరే చెప్పుచున్నది, అది ఇరుగుపొరుగువారి నాటకశాల. ఐశ్వర్యవంతుల రంగశాలలున్న బ్రాడ్‌వేకు దూరముగా, పేదవాడలో, ఏలిన్ బర్న్‌స్టీన్ రంగాలంకరణతో రైడరు అనువాదమును ఆడిరి. అది జనాదరము పొంది, 1926లో మరల ఆడబడెను. పేదరికము వలన మాట చెల్లనివాని కథ, పేదలవాడలో, వేయియామడల దూరమున నిలద్రొక్కుకొనెను.

తరువాత ఆ బండి చక్రము ఇంటివైపు తిరిగెను. హబీబ్ తన్వీర్ ఇంగ్లండున నాటకవిద్య నభ్యసించి, బెర్లిను నగరమున బ్రెఖ్టు నాటకములు చూచి స్వదేశమునకు వచ్చి, 1958లో ఢిల్లీయందు ‘మిట్టీకీ గాడీ’ యను పేర మృచ్ఛకటికమును ఆడించెను. ఇందుకై ఆయన ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండి ఆరుగురు జానపదనటులను తీసికొనివచ్చెను. సంస్కృతనాటకమనగా పట్టుబట్టలు, మందగమనము, గద్గదస్వరము అనుకొనినవారికి పల్లెనటుల నోట శూద్రకుడు జీవించి వినబడెను. 1991లో లండనులోని నేషనల్ థియేటరున జతీందర్ వర్మ దీనిని ప్రవాసభారతీయుల దృష్టితో ప్రదర్శించెను. 2008లో అమెరికాలోని ఓరెగన్ షేక్స్‌పియర్ నాటకోత్సవమున బిల్ రౌష్ ఆడించెను. చలనచిత్రములును కలవు: తెలుగున బి.యస్. రంగాగారి ‘వసంతసేన’ 1967లోను, హిందీయందు గిరీశ్ కర్నాడుగారి ‘ఉత్సవ్’ 1984లోను వెలువడెను.

ఇన్ని దేశములు తిరిగిన నాటకమునందు ఏది సముద్రము దాటినది, ఏది ఒడ్డుననే నిలిచినది?

దాటనిది శకారుని నోటిపొరపాటు. వాడు పురాణములు తెలిసినవానివలె నటించుచు, రావణునికి కుంతిని, హనుమంతునికి సుభద్రను ముడిపెట్టును. పల్లెలో భారతరామాయణములు విన్న ముసలమ్మ కూడ ఆ మాటకు పకపక నవ్వును. పారిసు ప్రేక్షకునికి రావణుడును కుంతియు ఒక్కటే. వానికి ఆ నవ్వు అందదు. దాటనిది మరియొకటి భాషావైవిధ్యము. శూద్రకుడు దాసీకొక ప్రాకృతము, జూదరికొకటి, కావలివానికొకటి, తలారికొకటి ప్రయోగించెను. అనువాదమున అవన్నియు ఒకే నీటిలో కలిసిపోయినవి. ధూత స్థానమును అట్టిదే. భర్త ప్రేమించిన గణికను చివరకు చెల్లెలుగా పలుకరించు ఇల్లాలి హృదయము పరదేశీయులకు అర్థమగుట కష్టము. నేటి మనవారికిని అది సులభము కాదు.

దాటినది మట్టిబండి. బిడ్డ యేడ్పునకు అనువాదము అక్కరలేదు. దాటినది న్యాయస్థానము, బెదరిన న్యాయాధికారి అన్ని దేశములందు కలడు. దాటినది వధ్యస్థానపు మార్గము. శూద్రకుడు చండాలులని పేర్కొన్న తలారులిద్దరు చారుదత్తుని నడిపించుచు, చంపుట నీ వంతు, కాదు నీ వంతని లెక్కలు వేసికొందురు. తొందరపడి చంపకుమని తండ్రి చనిపోవుచు తనకు బోధించెనని ఒకడు చెప్పును: ఎవరైన ధనమిచ్చి విడిపింపవచ్చును, రాజునకు కొడుకు పుట్టవచ్చును, ఏనుగు కట్టు త్రెంచుకొనవచ్చును, రాజే మారవచ్చును. సమాజము అంటరానివారని వెలివేసిన ఇరువురు ప్రాణము విలువ నెరిగి నిముసము నిముసము జాగుచేయుచుండ, సింహాసనమున కూర్చున్నవాడు త్వరపడుచుండెను. ఇంతకు మించిన ఉత్కంఠను కల్పించిన కవి అరుదు.

ఆ మార్గముననే స్థావరకుడు సంకెలలతో మేడపైనుండి దూకి, హత్య చేసినవాడు తన యజమానుడే యని అరచును. సత్యము బయటపడెనని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొనునంతలో, వీడు బంగారము దొంగిలింపగా కొట్టితిని, ఆ పగతో చెప్పుచున్నాడని శకారుడనును. అంతటితో సరి, దాసుని మాట గాలికి పోవును. కత్తియెత్తిన తలారి చేతినుండి కత్తి జారిపడును. అప్పుడు భిక్షువుతో వసంతసేన పరుగెత్తి వచ్చును. పాలకుని చంపి ఆర్యకుడు రాజయ్యెనను వార్తయు వచ్చును. జనులు శకారుని చంపుమని అరవగా చారుదత్తుడు వానిని విడిపించును. స్థావరకుని దాస్యము తొలగించును.

దీనిని బట్టి ఒక సంగతి తేటపడుచున్నది. సత్యము ఎవ్వరికిని తెలియకపోవుట చేత చారుదత్తునికి ఆపద రాలేదు. సత్యము తెలిసినవాడు దాసుడగుట చేత, వ్రాసినవాడు భయపడుట చేత, విన్నవాడు ఉద్యోగమునకై వణకుట చేత వచ్చెను. పరదేశములందు ఈ నాటకము ఏ నూతనరంగమున నిలిచినను, నిలిచినది ఈ బలము వలననే. ప్రేమకథను మాత్రము పట్టుకొని ఆడినచో ఇది అందమైన చిత్తరువు. బండివానిని, దాసుని, కావలివానిని, తలారిని సమానగౌరవముతో ఆడినచో ఇది కనులు తెరపించు నాటకము.

ఇక మన ప్రాంతపు మాట. 1953 అక్టోబరు వరకు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారి తెలుగునాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, బళ్లారి రాఘవగారు ముగ్గురును వృత్తిచే న్యాయవాదులు; పగలు కచేరీలలో వాదించి రాత్రులు రంగస్థలమును వెలిగించినవారు. ఆచార్యులుగారు సరసవినోదినీ సభను స్థాపించి ‘చిత్రనళీయము’ మొదలగు నాటకములు ఆడించిరి. ఆయన ‘విషాద సారంగధర’యును నిరపరాధిపై మోపిన అపవాదు కథయే. అందు రక్షణ రాలేదు, కాళ్లుచేతులు తెగినవి. తెలుగున తొలి విషాదాంత నాటకమని దానికి ఖ్యాతి. శ్రీనివాసరావుగారు బళ్లారిలో కూర్చుండి ప్రపంచనాటకచరిత్రను ఆంగ్లమున వ్రాసి 1908లో ప్రకటించిరి. లోకపు రంగస్థలము వైపు చూచు చూపు ఈ సీమకు కొత్తది కాదు.

తెలుగున మృచ్ఛకటికమును తిరుపతి వేంకటకవులు అనువదించిరి. భాష విషయమున మనకు దారి చూపినవారు వేదము వేంకటరాయశాస్త్రులుగారు. 1897 నాటి ‘ప్రతాపరుద్రీయ’మున ఆయన పాత్రకు తగిన భాషను పెట్టి, చాకలివానిచేత చాకలివాని మాటయే పలికించిరి. శూద్రకుడు ప్రాకృతములతో చేసిన పనిని తెలుగున చేయవచ్చునని అందువలన నిరూపింపబడెను. పారిసులోను న్యూయార్కులోను పోగొట్టుకొన్న రుచి మన పల్లెలో తిరిగి రాగలదు. స్థావరకుడు ఆదోనివైపు బండివానివలె మాటాడవలెను. కాయస్థుడు కచేరీభాష పలుకవలెను. శకారుడు పురాణము తప్పుగా చెప్పినపుడు అరుగుమీది ముసలివారు నవ్వవలెను. ఆ నవ్వును లండను తెచ్చుకొనలేదు, సి.బెళగల్ తెచ్చుకొనగలదు.

పది అంకములు ఒక్కరాత్రి ఆడుట కష్టము. రైడరు చెప్పినట్లు కథాసారము మొదటి యంకమునను, ఆరవ యంకము మొదలు పదవ యంకము వరకును కలదు. గ్రంథాలయ యువకులు అంతవరకు ఎన్నుకొన్నను చాలును. మేడలు, తెరలు, విద్యుద్దీపముల వైభవము లేకున్నను కొరత లేదు. ఒక బండి, ఒక బల్ల, ఒక డప్పు, ఒక మట్టిబొమ్మ ఉన్నచో నాటకము నిలుచును. తోలుబొమ్మలాటలును, వీధినాటకములును తెల్లవారువరకు చూచిన పల్లెలకు ఓపిక నేర్పనక్కరలేదు.

గ్రంథాలయము చేయు పని యేది? చెరిపివేయబడరాని మాటను చెరగకుండ ఉంచుట. ఉజ్జయినీ న్యాయస్థానమున వ్రాతను కాలితో చెరిపినపుడు అడ్డుపడినవాడు ఒక్కడున్నచో నాటకము అక్కడనే ముగిసియుండెడిది. చదువునేర్చినవాడు వ్రాతను కాపాడవలెను; చదువురానివాని మాటకును చెవియొగ్గవలెను. ఈ రెండును చేసిన పల్లెలో చారుదత్తుడు వధ్యస్థానమునకు నడువనక్కరలేదు. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఆ కాయస్థునికన్న ధైర్యము గల పాఠకులను ఈ గ్రామమునకు ప్రసాదించుగాక! బీరువాలో నిద్రించు మట్టిబండి రంగస్థలమునకు కదలుగాక!

స్వస్తి.